బియ్యం మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మాగాణి ఉంది, ఇంటికి కావలసిన బియ్యం మా పొలంలోవే. మా మామయ్యగారికి అరవై మూడేళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటున్నారు. నలభై ఏళ్ల మా వారికి ఈమధ్య చేయించిన పరీక్షలో మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.1 వచ్చింది, షుగర్ అంచున ఉన్నారని డాక్టరుగారు చెప్పారు. మా ఆడపడుచు నెల్లూరు నుంచి ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని ఒక సంచి తెచ్చింది, ధర మామూలు బియ్యానికి రెట్టింపు. మా అత్తగారేమో బియ్యం మానేసి అందరం కొర్రలే తినాలంటారు. మామయ్యగారు మాత్రం అన్నం తినని పూట భోజనమే కాదంటారు. చద్దన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని ఒక యూనివర్సిటీ తేల్చిందని ఫోనులో సందేశాలు కూడా వస్తున్నాయి. మేము ఆ బియ్యమే కొనుక్కోవాలా, కొర్రలకు మారాలా, లేక ఆ రకం వరిని మా పొలంలోనే వేసుకోవచ్చా?

సమాధానం: అమ్మా, రెట్టింపు ధర పెట్టి ఆ సంచి కొనవలసిన అవసరం మీకు లేదని నా అభిప్రాయం. మీ ఇంట్లో ముందుగా మారవలసింది కంచంలో వడ్డించే అన్నం పరిమాణం, దాని పక్కన ఉండే పప్పు, కూర, గుడ్డు, చేపల పాలు. బియ్యం రకం గురించి ఆలోచించవలసింది ఆ తర్వాతే. కొర్రలు మంచి ఆహారమే కాని, అన్నం పెట్టుకున్నంత కొర్రన్నమూ పెట్టుకుంటే వాటివల్ల కలగవలసిన మేలు చాలావరకు పోతుంది. పొలం సంగతి చివర చెబుతాను.

వీటన్నింటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మీ మామయ్యగారు వేసుకుంటున్న గ్లిమెపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయించే మందు, మనం అన్నం తగ్గించామని అది తన పని తగ్గించుకోదు. కాబట్టి ఆయన చేత ఒక్కసారిగా సగం అన్నం మాన్పించి, మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేయిస్తే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. ఆహారంలో మార్పు మొదలుపెట్టే ముందే డాక్టరుగారికి చెప్పి, మాత్ర మోతాదు సవరించాలేమో అడగండి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, మాట తడబడటం వంటి లక్షణాలు కనిపిస్తే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. మీ వారు మాత్రలేవీ వాడటం లేదు కనుక ఆయన విషయంలో ఈ భయం లేదు.

ఇప్పుడు ఆ సంచి సంగతి చూద్దాం. చక్కెరగా మారని బియ్యం లోకంలో లేదు. ఏ రకమైనా పచ్చి బియ్యంలో నూటికి డెబ్బై అయిదు నుంచి ఎనభై పాళ్లు పిండిపదార్థమే, అరిగిన తర్వాత అది గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది. రకాన్నిబట్టి తేడా వచ్చేది ఆ చేరిక ఎంత వేగంగా జరుగుతుందన్న విషయంలోనే. ఈ వేగాన్ని కొలవడానికి 1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టింది. సాధారణంగా పదిమంది ఆరోగ్యవంతులకు, 50 గ్రాముల పిండిపదార్థం ఉండేటంత ఆహారాన్ని పరగడుపున తినిపించి, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర ఎలా పెరిగిందో కొలిచి, అంతే గ్లూకోజు తాగినప్పటి పెరుగుదలతో పోలుస్తారు. గ్లూకోజు విలువ 100 అనుకుంటే 55 లేదా అంతకు తక్కువ వచ్చిన ఆహారాన్ని తక్కువ రకమనీ, 70 లేదా అంతకు ఎక్కువ వచ్చినదాన్ని ఎక్కువ రకమనీ అంటారు. మనం రోజూ తినే తెల్లబియ్యంలో చాలా రకాలు 70కి అటూ ఇటూ ఉంటాయి.

తక్కువ విలువ ఉన్న బియ్యం నిజంగానే ఉన్నాయి, ఆ మాట అబద్ధం కాదు. వాటిలో మనకు బాగా దగ్గరిది మెరుగుపరచిన సాంబ మసూరి. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మనమంతా సన్నబియ్యమని ఇష్టంగా తినే సాంబ మసూరిలోకి, ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణ పద్ధతిలో చేర్చి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు కలిసి దాన్ని తయారుచేశారు. 2008లో విడుదలైన ఈ రకానికి అధికారికంగా పెట్టిన పేరు ఆర్‌పీ బయో 226. తెగులు కోసం తయారుచేసిన ఈ వంగడాన్ని తర్వాత జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించినప్పుడు దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 50.99 అని తేలింది. మీ ఆడపడుచుగారు తెచ్చిన సంచిలో ఉన్నది ఇదేనా, మరొకటా అన్నది సంచి మీద రకం పేరు, పరీక్ష చేసిన సంస్థ పేరు స్పష్టంగా ఉంటేనే చెప్పగలం. ఆ రెండూ లేకుండా ‘షుగర్ ఫ్రీ’ అని మాత్రమే అచ్చువేసి ఉంటే దాన్ని మామూలు సన్నబియ్యంగానే లెక్కగట్టండి.

పరీక్షించిన రకమే అనుకుందాం. అయినా ఆ 51 మీ కంచంలో అలాగే ఉంటుందని చెప్పలేము. ఎంత పాలిష్ పట్టారు, ఎన్ని నీళ్లు పోసి ఎంత మెత్తగా వండారు, వేడివేడిగా తిన్నారా చల్లారాక తిన్నారా అన్నవాటినిబట్టి అదే గింజ విలువ మారుతుంది. దీనికంటే పెద్ద విషయం పరిమాణం. గ్లైసీమిక్ ఇండెక్స్ వేగాన్ని మాత్రమే చెబుతుంది, ఎంత తిన్నామన్నది దానిలో లేదు. అందుకే పోషకాహార నిపుణులు గ్లైసీమిక్ లోడ్ అనే మరో లెక్క వేస్తారు. తిన్న పిండిపదార్థం ఎన్ని గ్రాములో దాన్ని ఆ ఇండెక్స్‌తో హెచ్చించి నూటితో భాగిస్తే ఈ లోడ్ వస్తుంది. ఒక తిండికి ఇది 10 లోపు ఉంటే తక్కువ, 20 లేదా అంతకు మించితే ఎక్కువ.

ఈ లెక్కను మీ ఇంటి కంచానికే వేసి చూడండి. మామూలు సన్నబియ్యపు అన్నం ఓ మోస్తరు కప్పుడు, అంటే సుమారు నూట ఎనభై గ్రాములు పెట్టుకుంటే దానిలో యాభై గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఇండెక్స్ 70 అనుకుంటే లోడ్ 35. ఇక ఇది షుగర్ లేని బియ్యమన్న ధైర్యంతో రెండో వడ్డన కూడా పెట్టించుకుంటే మూడువందల ఇరవై గ్రాముల అన్నం, అంటే తొంభై గ్రాముల పిండిపదార్థం అవుతుంది. ఇండెక్స్ 51 అనుకున్నా లోడ్ 46. ఖరీదైన బియ్యం తిన్న మనిషి, చవక బియ్యాన్ని కొలత ప్రకారం తిన్న మనిషికంటే ఎక్కువ భారం మోశాడన్నమాట. ఇలాంటి బియ్యం కొన్న ఇళ్లలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఈ ధైర్యమే. అదే తక్కువ ఇండెక్స్ బియ్యాన్ని కప్పుడే తింటే లోడ్ 35 నుంచి 25కి దిగుతుంది, అది నిజమైన లాభమే. కాని ఆ లాభం కప్పుడుతో ఆగినవారికి మాత్రమే దక్కుతుంది.

ఈ అభిప్రాయం నా ఒక్కడిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి, చెన్నైలోని మధుమేహ పరిశోధకులు కలిసి దేశమంతటా జరిపిన ఇండియాబ్ సర్వే ఫలితాల్లో ఆహారానికి సంబంధించిన భాగం 2025లో వెలువడింది. లక్షా ఇరవై వేలకు పైగా వయోజనులను పరిశీలించిన ఆ సర్వే, మనవాళ్లు తినే కేలరీలలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచీ, 12 శాతం మాత్రమే మాంసకృత్తుల నుంచీ వస్తున్నాయని చూపించింది. అందులో మీ అత్తగారి వాదనకు నేరుగా సంబంధించిన అంశం ఒకటుంది. పిండిపదార్థాల మొత్తాన్ని తగ్గించకుండా, తెల్లబియ్యం బదులు ముడి గోధుమలో చిరుధాన్యాలో తిన్నంత మాత్రాన మధుమేహపు ముప్పు తగ్గినట్టు ఆ లెక్కల్లో కనబడలేదు. రోజు మొత్తం కేలరీలలో కేవలం 5 శాతాన్ని పిండిపదార్థాల నుంచి తగ్గించి, పప్పులు, పాలు, గుడ్లు, చేపల వంటివాటి మాంసకృత్తులతో భర్తీ చేస్తే మాత్రం ముప్పు తక్కువగా ఉన్నట్టు కనబడింది. ఇది సర్వే కనుక కారణాన్ని నిర్ధారించే ప్రయోగంతో సమానం కాదు, అయినా మనలాంటి మనుషుల మీద, మన తిండి మీద ఇంత పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనను పక్కన పెట్టడం కష్టం.

అలాగని కొర్రలను తీసిపారేయవద్దు. 2021లో మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంతో సహా పలు సంస్థల వారితో కలిసి, చిరుధాన్యాల మీద అంతకుముందు జరిగిన 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. చిరుధాన్యాల సగటు ఇండెక్స్ 52.7 అనీ, వాటిని క్రమంగా తిన్న మధుమేహ రోగులలో పరగడుపు చక్కెర, భోజనానంతర చక్కెర 12 నుంచి 15 శాతం వరకూ తగ్గాయనీ వారు లెక్కగట్టారు. పై సర్వేకూ దీనికీ పైకి విరోధం ఉన్నట్టు కనిపిస్తుంది కాని, అవి రెండూ చూసిన విషయాలు వేరు. చిన్న ప్రయోగాల్లో మనిషికి ఎంత పెట్టాలో కొలిచి పెడతారు, ఇళ్లలో అలా కొలిచేవారు లేరు. కనుక రోజుకు ఒక పూట, రాత్రిపూట అయితే మరీ మంచిది, కొర్రన్నమో సజ్జ రొట్టెయో అలవాటు చేయండి. కొర్రలను మెత్తటి పిండి పట్టించి జావగా కాచడం కంటే గింజగానే వండటం మేలు, ఎందుకంటే పిండి ఎంత మెత్తనైతే అంత త్వరగా అరుగుతుంది. రాగిసంకటి విషయంలో కూడా ఈ జాగ్రత్తే అవసరం. పొదిలి, కనిగిరి మెట్ట ప్రాంతాలు మీకు మరీ దూరం కాదు, కొర్రలు పండించే రైతు దగ్గర నేరుగా కొంటే పట్నపు ప్యాకెట్ ధర పెట్టక్కరలేదు. మామయ్యగారికి ఇష్టంలేని పూట మాత్రం ఆయనను బలవంతపెట్టకండి. మూడు పూటలూ కొర్రలు తినమని పోరుపెట్టి వారంలో ఆయన చేత అన్నీ మాన్పించుకోవడం కంటే, మధ్యాహ్నం ఒక కప్పుడు అన్నం తృప్తిగా తిననివ్వడం మంచిది.

కప్పుడన్నంతో కడుపు నిండాలంటే పక్కన ఉండేవి పెరగాలి. మన జిల్లా భోజనంలో ఇబ్బంది ఇక్కడే ఉంది. నెల్లూరు చేపల పులుసులో చేప ముక్కలు రెండే అయినా పులుసు మాత్రం కంచం నిండా అన్నం కలిపించేంత రుచిగా ఉంటుంది. ఆ పులుసును నిందించడానికి నాకు మనసొప్పదు కాని, మామయ్యగారికి వడ్డించేటప్పుడు ముక్కలు నాలుగు వేసి, పులుసు తగ్గించి చూడండి. శాకాహారం వండిన రోజున పప్పు గట్టిగా ఉండాలి. పది మందికి చాలేటట్టు పలచగా తిరగమోత పెట్టిన పప్పుచారులో మాంసకృత్తులు పెద్దగా ఉండవు. పచ్చి కందిపప్పు వంద గ్రాములలో ఇరవై రెండు గ్రాముల వరకు మాంసకృత్తులుంటాయి, అంత బియ్యంలో ఏడెనిమిది గ్రాములే. ఉదయం ఇడ్లీ, దోసెలకు బదులు పెసరట్టు, లేదా ఉడికించిన అలసందలు, ఒక గుడ్డు పెట్టవచ్చు. ఏ కూరగాయలైనా, తోటకూర, సొరకాయ, బీర, వంకాయ, దోస, అన్నం కంటే ఎక్కువ జాగా ఆక్రమించాలి. బంగాళాదుంప, చేమదుంప, కంద మాత్రం ఈ లెక్కలో కూరలు కావు, వాటిని అన్నంలో భాగంగానే చూడాలి. మామయ్యగారి మూత్రపిండాల పరీక్ష ఈమధ్య చేయించకపోతే, మాంసకృత్తులు బాగా పెంచే ముందు ఒకసారి క్రియాటినిన్ చూపించుకోవడం అవసరం.

తినే వరుస కూడా తేడా తెస్తుంది. అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో పదకొండు మంది మధుమేహ రోగుల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒక రోజు రొట్టె, పండ్లరసం ముందు ఇచ్చి, పావుగంట ఆగి కూరగాయలు, కోడిమాంసం పెట్టారు. మరో రోజు అవే పదార్థాలను వరుస మార్చి పెట్టారు. కూరలు, మాంసం ముందు తిన్న రోజున భోజనం మొదలుపెట్టిన అరగంటకు రక్తంలో చక్కెర 28.6 శాతం, గంటకు 36.7 శాతం, రెండు గంటలకు 16.8 శాతం తక్కువగా ఉంది. మనుషులు పదకొండు మందే కనుక ఈ అంకెలను రాతిమీద గీతలుగా తీసుకోకూడదు. అయినా కంచంలో ముందు ఒక కప్పుడు కూర, పప్పు లేదా చేప ముక్కలు తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోవడానికి ఖర్చేమీ లేదు కనుక ప్రయత్నించవచ్చు.

అయితే ఈ చిట్కా అందరిలో ఒకేలా పనిచేయదు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రచురించిన అధ్యయనంలో, షుగర్ జబ్బు లేని 55 మందికి చర్మానికి అతికించే గ్లూకోజు పరికరాలు పెట్టి, అన్నం, రొట్టె, బంగాళాదుంప, ద్రాక్ష వంటివి విడివిడిగా తినిపించి చూశారు. ఒకే తిండికి ఒక్కొక్కరి శరీరం ఒక్కొక్క రకంగా స్పందించింది. ముందుగా పీచునో మాంసకృత్తులనో కొవ్వునో తినడం వల్ల కలిగే మేలు కూడా, ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించనివారిలో తక్కువగానే కనిపించింది. మీ మామయ్యగారికి ఏది పనిచేస్తుందో టొరంటో పదిమంది గాని, స్టాన్‌ఫోర్డ్ యాభై అయిదుగురు గాని చెప్పలేరు, ఆయన వేలి చివర రక్తపు బొట్టే చెప్పాలి.

కాబట్టి నా సలహాలలో మీరు తప్పక పాటించాలని నేను కోరేది ఇది. ఇంట్లో గ్లూకోమీటరు లేకపోతే ఒకటి కొనండి, ఆ సంచి బియ్యానికి పెట్టే అదనపు డబ్బుతో అది కొన్నాళ్లలోనే గిట్టుబాటవుతుంది. వంటింటి త్రాసు ఒకటి ఉంటే మంచిది, లేకపోతే ఒకే గిన్నెను కొలతగా పెట్టుకోండి. మొదటి రెండు మూడు రోజులు మామయ్యగారిని మామూలుగా తిననిచ్చి, మధ్యాహ్న భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి సరిగ్గా రెండు గంటలకు మరోసారి చూసి, రెండు అంకెలూ, తిన్నవీ నోటుపుస్తకంలో రాయండి. ఆ తర్వాత డాక్టరుగారి అనుమతితో ఒక్కొక్క మార్పే చేయండి. ముందు మీ పొలం బియ్యాన్నే గిన్నెడు కొలిచి పెట్టి చూడండి, తర్వాత అదే గిన్నెడు ఆ కొత్త బియ్యంతో, ఆ తర్వాత కొర్రలతో. కూర, పప్పు, మాత్ర, పొలానికి నడిచే నడక అన్ని రోజులూ వీలైనంత ఒకేలా ఉండాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఒక్కో మార్పుకు కనీసం మూడు రోజులు చూడండి, ఎందుకంటే ఒకే తిండి తిన్నా రోజుకూ రోజుకూ ఇరవై ముప్పై మిల్లీగ్రాముల తేడా రావడం మామూలే. భోజనం తర్వాత అంకె సాధారణంగా 180 లోపు ఉండాలని వైద్యులు చెబుతారు. మామయ్యగారి వయసునూ మందులనూ బట్టి ఆయనకు ఎంత తగునో ఆయన డాక్టరుగారే నిర్ణయిస్తారు. కొత్త బియ్యంతో అంకె నిజంగా నలభై యాభై తగ్గితే ఆ బియ్యం కొనండి, నాకేమీ అభ్యంతరం లేదు. పది పదిహేను తేడా కనబడితే మాత్రం అది లెక్కలోకి రాదు.

ఈ నోటుపుస్తకంలో మరో గడి కూడా గీయండి, భోజనం తర్వాత నడిచారా లేదా అని. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో 41 మంది మధుమేహ రోగుల మీద చేసిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడవడం వల్ల భోజనానంతర చక్కెర సగటున 12 శాతం, రాత్రి భోజనం తర్వాత అయితే 22 శాతం తక్కువగా ఉంది. పగలంతా పొలం పని చేసేవారికి నడక ఎందుకని మామయ్యగారు అడగవచ్చు. ఉదయం చేసిన పని రాత్రి తొమ్మిదింటికి తిన్న అన్నాన్ని కరిగించదు, తిని వెంటనే మంచం ఎక్కకుండా వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లి వస్తే చాలు.

చద్దన్నం గురించి వచ్చిన సందేశంలో నిజమూ ఉంది, అతిశయమూ ఉంది. వంద గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము పన్నెండు గంటలు నానితే 73.91 మిల్లీగ్రాములవుతుందని కొన్నేళ్లుగా చెబుతున్నారు. ఇనుము ఒక మూలకం, సూక్ష్మజీవులు దాన్ని పుట్టించలేవు. గిన్నె నుంచో నీళ్ల నుంచో వస్తే తప్ప అన్నంలో ముందున్న ఇనుమే రేపూ ఉంటుంది. పులిసినప్పుడు జరిగేదేమిటంటే, గింజలో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ కొంత విరిగిపోయి, ఉన్న ఇనుము ఒంటికి పట్టడం మెరుగవుతుంది. అది మంచిదే కాని ఇరవై రెట్లు అని నమ్మి రక్తహీనతకు మందులు మానుకోకూడదు. షుగర్ విషయంలో మాత్రం చల్లారిన అన్నానికి కొంత ఆధారం ఉంది. ఇండోనేషియాలో పదిహేను మంది ఆరోగ్యవంతుల మీద జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పుడే వండిన అన్నంలో అరగని పిండి వంద గ్రాములకు 0.64 గ్రాములుంటే, వండి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములుంది, దాన్ని తిన్నాక చక్కెర పెరుగుదల కూడా తక్కువగా ఉంది. చల్లారినప్పుడు అమైలోజు అనే ఒక రకం పిండిపదార్థపు పోగులు దగ్గరగా అల్లుకుని, మన జీర్ణరసాలకు తేలిగ్గా లొంగని రూపం పొందుతాయి. అయినా పెరిగింది వందకు ఒక్క గ్రామే, కాబట్టి చద్దన్నం కదా అని ఎక్కువ తినే వీలు లేదు. మన ఎండాకాలంలో గంటల తరబడి బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రి మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారి మజ్జిగ కలుపుకోవచ్చు, పక్కన ఆవకాయ బదులు ఉల్లిపాయ, ఉడికించిన గుడ్డు ఉంటే రక్తపోటుకూ మేలు.

మీ వారి సంగతి మామయ్యగారి సంగతికంటే ఆశాజనకం. మూడు నెలల సగటు 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవారిది వెనక్కి మళ్లగల దశ. చెన్నైలో 531 మంది అంచున ఉన్నవారి మీద జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఆహారం, వ్యాయామం సరిదిద్దుకున్నవారిలో మూడేళ్లలో మధుమేహంలోకి జారే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 26.4 శాతం. మాత్ర అవసరం లేకుండానే మాత్రతో సమానమైన ఫలితం వచ్చిందన్నమాట. ఆయనకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటి ఉంటే ముందుగా తగ్గవలసింది అదే. ఇంట్లో వడ్డించే కంచం ఇద్దరికీ ఒకటే కావాలి. నాన్నకు పథ్యం, కొడుక్కి రెండో వడ్డన అంటే పదేళ్ల తర్వాత ఆయనా ఇదే మాత్రల పెట్టె తెరవవలసి వస్తుంది.

ఇక పొలం. ఆర్‌పీ బయో 226 విత్తనం దొరికితే వేసుకోవడానికి అడ్డంకి లేదు, కాని నాలుగెకరాలూ ఒకేసారి దానికి ఇవ్వకండి. ఆ రకంలో చేర్చిన మూడు జన్యువులూ ఎండాకు తెగులును తట్టుకోవడానికి ఉద్దేశించినవే. మన జిల్లాలో చలి, మంచు పడే రోజుల్లో రైతును ఏడిపించే అగ్గి తెగులుకు అవి అడ్డుపడవు. నెల్లూరులో 1937 నుంచి పనిచేస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, మీ అందరికీ తెలిసిన నెల్లూరు మసూరి, ప్రధానంగా ఆ తెగులును తట్టుకునేందుకే పేరు పడింది. పైగా సాంబ మసూరి జాతి పంట కోతకు రావడానికి నెల్లూరు మసూరి కంటే ఎక్కువ రోజులు పడుతుంది కనుక, కాలువ నీళ్లు ఎప్పటిదాకా వదులుతారో తెలుసుకోకుండా, ముఖ్యంగా ఎడగారులో, అంటే రెండో పంటగా, దాన్ని వేయడం తెలివైన పని కాదు. ధాన్యం కొనే వ్యాపారి పుట్టి లెక్క మీద ధర కడతాడే గాని గ్లైసీమిక్ ఇండెక్స్ చూసి ఎక్కువ ఇవ్వడు. ఆ పేరుతో అదనపు ధర వచ్చేది సంచి మీద అచ్చువేసి అమ్ముకునేవారికే. ఇంటి అవసరానికి అర ఎకరం వేసుకుని, మిగతా పొలంలో మీకు అలవాటైన రకాన్నే ఉంచండి.

అంతకంటే ముందుకు పోయిన పరిశోధనలు కూడా ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన సాంబ మసూరినే, అమైలోజు బాగా ఎక్కువగా ఉండే ఐఆర్ 36 అనే వరిలో జన్యువు మారగా వచ్చిన (ఉత్పరివర్తన) రకంతో సంకరపరచి, ఇండెక్స్ 45 కంటే తక్కువగా, మాంసకృత్తులు దాదాపు 16 శాతంగా ఉన్న వరుసలను గుర్తించామని 2024లో ప్రకటించారు. మామూలు బియ్యంతో పోలిస్తే మాంసకృత్తులు రెట్టింపు కనుక అది నిజంగా కంచాన్ని మార్చగల పని. కాని అది పరిశోధకుల చేతిలోని వరుస గురించి వచ్చిన వార్త, విత్తనాల దుకాణంలో దొరికే సంచి గురించి వచ్చినది కాదు. ఈ పేరు చెప్పి ఎవరైనా విత్తనం అమ్మజూపితే విడుదల ఉత్తర్వు, ధ్రువీకరణ చీటీ చూపించమని అడగండి.

నారుమడి పోసే ముందు మీ వారిని ఒకసారి నెల్లూరు పరిశోధన స్థానానికి గాని, ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి గాని పంపి, ఈ ఏడాది మీ ఆయకట్టు నీటికాలానికి ఏ రకం తగునో కనుక్కోమనండి. మామయ్యగారి నోటుపుస్తకం మూడు నెలలు నిండాక, ఇద్దరికీ మళ్లీ మూడు నెలల సగటు పరీక్ష చేయించి, ఆ పుస్తకంతో సహా డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. మాత్ర తగ్గించాలో పెంచాలో వారు తేల్చడానికి సంచి మీది అచ్చు కంటే ఆ పుస్తకమే ఎక్కువ పనికివస్తుంది.